దత్తు చాకుల పెట్టె

నాగపూర్,
18 జూన్ 2024

అత్తయ్యకి, మావయ్యగారికి నమస్కారాలు.

దత్తు పోయినప్పటి నుంచీ ఫోన్ చేస్తే మనం "తిన్నావా", "తిన్నాను" దగ్గరే ఆగిపోతున్నాం. తర్వాత ఎవరో ఒకరు ఫోన్ పెట్టేస్తారు. అందుకే రాస్తున్నాను. ఉత్తరంలో అయితే ఏడ్చినా చదివేవాళ్ళకి వినబడదు.

ఇంటావిడ ఇల్లు అమ్మేస్తోంది. మా బ్యాంకుకి దగ్గరలో ఒక గది, వంటిల్లు ఉన్న చిన్న ఇల్లు చూసుకున్నాను. గోడలు బాగా చెమ్మ. నాకు పర్వాలేదు కానీ దత్తు చాకులకి పనికిరాదు. పెట్టెతో సహా ట్రాన్స్‌పోర్టులో వేశాను. మీ దగ్గర ఉంచండి.

రైల్వే సిగ్నల్ ఇన్‌స్పెక్షన్‌కని ఏ ఊరు వెళ్ళినా మీ అబ్బాయి అక్కడి పాత ఇనప కొట్టులో దూరకుండా ఇల్లు చేరేవాడు కాదు. అన్నీ మడత చాకులే. జేబులో పట్టేవి, పాతవి, ఎవరో ఒకరు వాడినవి. కొన్నిటికి దారంతో చీటీ కట్టి ఎక్కడిదో, ఏ కాలందో రాశాడు. చాలావాటికి రాయలేదు. "రిటైరయ్యాక తీరిగ్గా రాసుకుంటానులే" అనేవాడు. తను చెబుతుంటే నేను ఒక చెవితో విని, ఇంకో చెవి కుక్కర్ కూత మీద పెట్టేదాన్ని. ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామంటే సగం సగమే వస్తున్నాయి.

పెట్టెలో నూనెగుడ్డ పెట్టాను. మావయ్యగారు బీపీ మాత్ర మానేయకుండా చూడండి.

మీ
మహతి


చోడవరం,
3 జూలై 2024

మహతికి ఆశీస్సులు.

పెట్టె చేరింది. స్టాండు నుంచి సత్తిబాబు ఆటోలో తెచ్చాడు. దించుతూ, "ఏటమ్మగోరూ, ఇంత బరువుంది? మొత్తం ఇనపసామానేనా ఏటి?" అన్నాడు. మా అబ్బాయి సామానురా అన్నాను. అతను ఇంకేం అడగకుండా మేడ మీద దాకా మోసుకొచ్చి పెట్టాడు.

ఒక్క మాట నీ దగ్గర దాచను. దాన్ని చూడగానే నాకు కష్టమేసింది. వాడి బట్టలు ముందే పంచిపెట్టేశావు. ఇప్పుడు చాకులూ పంపేశావు. ఆ ఇంట్లో వాడిది ఇంకేం మిగిలింది? చెమ్మ సంగతి నిజమే అయుండొచ్చు. నాకనిపించింది రాశాను.

నాలుగు రోజులు మూత తీయలేదు. తర్వాత స్కూల్లో పిల్లలకి ఆకుల ఈనెలు చూపించే నా భూతద్దం వెతికి తీసి, బల్ల మీద తెల్ల తువ్వాలు పరుచుకుని కూర్చున్నాను. ఒకదానికి పిడి అంతా దుప్పికొమ్ము, గరుగ్గా ఉంది. అలుగు, అదే కోసే రేకు, పిడిలోకి దిగే చోట ఇంగ్లీషు అక్షరాలు గుద్ది ఉన్నాయి. అరిగిపోయాయి కానీ "షెఫీల్డ్" అని చదవగలిగాను. ఇంకొకటి మీ మావయ్యగారి జానెడు పొడుగుంది, ఇత్తడి పిడి. తెరుస్తుంటే టకటకమని ఒక్కొక్క పన్నూ పడుతోంది. దాన్ని చూసి ఆయన హాల్లోకి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆయనే వచ్చి, ఇత్తడి పిడులు రెండు తీసుకెళ్ళి చింతపండు పెట్టి తోమి తెచ్చారు. దేవుడి గంటల్లా మెరిసిపోతున్నాయి. చాలారోజుల తర్వాత ఆయన ఒక పని పెట్టుకుని చెయ్యడం చూశాను.

పెట్టెలో ముఖమల్ గుడ్డ మీద ఒక్కొక్క చాకుకీ ఒక్కొక్క గాడి ఉంది. సరిగ్గా మధ్య గాడి ఖాళీగా ఉంది. అందులోది ఏది? దారిలో పోయిందా?

కనకవల్లి


నాగపూర్,
16 జూలై 2024

అత్తయ్యకి నమస్కారాలు.

మీ ఉత్తరం బ్యాంకులో అందుకుని, ఇంటికి వచ్చాక మళ్ళీ చదివాను. బట్టలు పంచిపెట్టమన్నది మీరే అత్తయ్యా. దత్తు పుట్టినరోజుకి లేనివాళ్ళకి ఇమ్మన్నారు, ఇచ్చాను. ఆ మాట వదిలేద్దాం.

ముందు అర్జెంటుగా ఒక విషయం. పాత చాకుల్ని తోమకూడదు! ఇత్తడి మీద పట్టిన ఆ గోధుమరంగే దాని వయసు. అది పోతే ఏ కాలందో చెప్పడం కష్టం, కొత్తదనే అనుకుంటారు. దత్తు చూసుంటే ఏడ్చేసేవాడు. దయచేసి మావయ్యగారిని ఇంకే చాకూ ముట్టుకోవద్దనండి. నూనెగుడ్డతో తుడిస్తే చాలు.

టకటకమనేది రాంపూర్‌ది. ఉత్తరాది ఊరు, చాకులకి పేరున్నది. అది కొన్నరోజున ఇంటికొచ్చి తలుపు దగ్గరే తెరిచి చూపించాడు. ఆ చప్పుడుకి పక్కింటి వాళ్ళ కుక్క మంచం కిందకి దూరింది. షెఫీల్డ్ ఇంగ్లండులో ఉంది. అక్షరాల పక్కన దేశం పేరు కూడా ఉందేమో చూడండి. ఉంటే కొంచెం తర్వాతి కాలంది అనేవాడు. తెల్లపిడివి ఎముకో ప్లాస్టిక్కో తెలియాలంటే భూతద్దంలో సన్నటి నల్ల గీతలు, చుక్కలు కనిపిస్తున్నాయా అని చూడాలి. ఉంటే ఎముక. ఇది నాకు గుర్తున్నందుకు నాకే ఆశ్చర్యంగా ఉంది.

మిగతావి మా ఆఫీసులో ప్రేమ్‌కుమార్ అని ఒకరున్నారు, ఆయన ఇంటర్నెట్‌లో చూసి చెబుతానన్నారు. సామాను సర్దడానికి కూడా ఆయనే సాయం చేశారు.

లంచ్ టైమైపోయింది, మళ్ళీ కౌంటర్లో కూర్చోవాలి. ఉంటాను.

మహతి


చోడవరం,
22 ఆగస్టు 2024

మహతికి,

వానలు పట్టుకున్నాయి. చెరుకు తోటలు ఏపుగా ఉన్నాయని మీ మావయ్యగారు రోజూ బస్టాండు దాకా నడిచి చూసి వస్తున్నారు. నడక తప్ప ఆయనకిప్పుడు వేరే పని లేదు. "దత్తు చూసుంటే ఏడ్చేసేవాడు" అన్న నీ మాట ఆయనే చదువుకున్నారు. ఆ తర్వాత పెట్టె ఉన్న గదిలోకి రావడం మానేశారు. పిలిస్తే, "నాకెందుకే, నేను ముట్టుకుంటే పాడైపోతాయట" అంటున్నారు. నువ్వు తప్పుగా రాయలేదు. కానీ రాసేముందు ఎవరు చదువుతారో చూసుకోవాల్సింది.

దత్తు తేల్చుకోలేకపోయినవాటిలో ఒకటి నేనే పోల్చాను! చిన్న చాకు, అలుగు తిన్నగా ఉంది. రెండో చివర పల్చటి ఎముక నాలుకలా బయటికి వస్తుంది. ఉత్తరాలు చించే చాకేమోనని వాడు ఒక ప్రశ్నార్థకం గీసి చీటీ కట్టాడు. కాదు. అది మొక్కలకి అంటు కట్టే చాకు. అలుగుతో బెరడు గాటు పెట్టి, ఆ ఎముక నాలుకతో బెరడుని చిట్లకుండా పైకి లేపుతారు. టీచర్ ట్రెయినింగ్‌లో గులాబీకి కట్టాను నేను. ఒక్క ఫోన్ చేసి అడిగుంటే ఆ పూటే చెప్పేదాన్ని కదా, వెర్రినాగన్న. చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

వడ్డాది సంతకి కూడా వెళ్ళొచ్చాను. పాత ఇనుము అమ్మే పరదేశి దగ్గర మడత చాకులు అడిగితే, "మా తాత మొల్లో ఉండేదమ్మా ఇలాటిది, సుట్ట కోసుకోడానికి. ఇప్పుడెవులు కొంతన్నారు?" అన్నాడు. చూస్తానన్నాడు.

ఇక అడగక తప్పనిది అడుగుతున్నాను. మావాళ్ళ సంధ్యారాణి ఆఫీసు పని మీద నాగపూర్ వచ్చిందట. అంబాఝరి చెరువు గట్టున నిన్ను చూసిందట. పక్కన ఒకతను మడత చాకుతో జామకాయ కోసి నీకు ముక్కలు అందిస్తున్నాడట. పలకరించబోయి ఆగిపోయానంది. చెక్కపిడి చాకు అని కూడా చెప్పింది.

ఆ మధ్య గాడిలోది అదేనా? అడిగితే నువ్వు జవాబివ్వలేదు. నా కొడుకు చాకు ఇంకొకరి జేబులోకి ఎలా వెళ్ళింది మహతీ?

కనకవల్లి


నాగపూర్,
31 ఆగస్టు 2024

అత్తయ్యకి,

అవును, అదే చాకు. ఎవరి జేబులోనూ లేదు, నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. పేరున్నది కాదు, పాతది కూడా కాదు, ఏ సంతలోనైనా దొరికేదే. దత్తు రోజూ వాడింది. పళ్ళు కోసింది, పెన్సిళ్ళు చెక్కింది, నా కాల్లో ముల్లు తీసింది. ఆ రోజు నా బొటనవేలికి కట్టు ఉంది, అందుకని ప్రేమ్‌కుమార్ కోశాడు. కోసి, తుడిచి, మళ్ళీ నాకే ఇచ్చాడు.

అన్నీ పంపేశావని రాశారు కదా, ఇది పంపలేదు. పంపలేకపోయాను.

ఇంకొకటి కూడా మీరు సంధ్యారాణి నోట వినకముందే నేనే చెబుతున్నాను. ప్రేమ్‌కుమార్ నన్ను పెళ్ళి చేసుకుంటానని అడిగాడు. నేను అవుననలేదు, కాదనలేదు. మీకెలా చెప్పాలో తెలియక ఆగాను. మా అమ్మమ్మ ఉండుంటే ఆమెకి చెప్పుకునేదాన్ని. ఇప్పుడు నాకు చెప్పుకోవడానికి ఉన్నది మీరే. చెబితే మీరూ నాకు దూరమైపోతారేమోనని భయం.

కొన్నాళ్ళు ఉత్తరం రాయలేను. కోపం వల్ల కాదు.

మహతి


నాగపూర్,
24 సెప్టెంబరు 2024

అత్తయ్యకి నమస్కారాలు.

రాయనన్నదాన్ని రాస్తున్నాను. మీరే పంపారో, మీకు తెలియదో నాకు అర్థం కాలేదు. మావయ్యగారు వచ్చి వెళ్ళారు.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం కౌంటర్లో తల ఎత్తేసరికి ఎదురుగా బెంచీ మీద చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎప్పుడొచ్చారో, ఎంతసేపు కూర్చున్నారో తెలియదు. "పని సూసుకోమ్మా, నాకేం తొందర లేదు" అన్నారు. మేనేజర్‌కి చెప్పి బయటికి తీసుకొచ్చాను. చెట్టు కింద నిలబడి సంచిలోంచి తను తోమిన ఇత్తడి చాకుల్లో ఒకటి తీశారు, రుమాల్లో చుట్టి తెచ్చారు.

"అమ్మా, తెలీక తోమేసేను. మళ్ళీ పాతరంగు రప్పించాలంటే ఏటి సెయ్యాలో నువ్వే సెప్పు" అన్నారు.

అత్తయ్యా, నేను రోడ్డు మీదే ఏడ్చేశాను. అది దానంతట అదే వస్తుంది, గాలి తగిలితే చాలు, కొన్నేళ్ళు పడుతుంది అంతే అని చెప్పాను. "అయితే పర్వాలేదు" అని దాన్ని మళ్ళీ రుమాల్లో చుట్టారు. తర్వాత, "ఆ అబ్బాయిని పిలుస్తావా, ఓసారి సూస్తాను" అన్నారు.

ముగ్గురం పక్కనున్న హోటల్లో కూర్చున్నాం. ప్రేమ్‌కుమార్ బల్లార్షాలో పెరిగినా ఇంట్లో తెలుగే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నాడు. మావయ్యగారు అడిగారు, "బాబూ, నీకు ఈ సాకుల సంగతి ఏమైనా తెలుసా?"

"తెలియదండీ. నెట్‌లో చూసి చెప్పినవి సగం తప్పే అయుంటాయి."

"మరి మా వాడి గురించి?"

"దత్తుగారి గురించి చాలా తెలుసండీ. ఉప్మాలో పంచదార వేసుకునేవారని తెలుసు. రైలు కూత విని ఏ బండో చెప్పేవారని తెలుసు. చిన్నప్పుడు మీ సైకిల్ తీసుకెళ్ళి చెరుకు బండిని గుద్దారని కూడా తెలుసు. రోజూ మహతి చెబుతూనే ఉంటుంది."

మావయ్యగారు తుంచిన ఇడ్లీ ముక్క మళ్ళీ ప్లేట్లో పెట్టేశారు. "వినడం నీకు కష్టంగా ఉండదా?" అన్నారు.

ప్రేమ్‌కుమార్, "మొదట్లో ఉండేదండీ. ఇప్పుడు, ఆయన ఉండుంటే మేమిద్దరం స్నేహితులం అయ్యేవాళ్ళం అనిపిస్తుంది" అన్నాడు.

స్టేషన్లో రైలెక్కేముందు మావయ్యగారు నాతో ఒక్క మాట అన్నారు. "మా వాడు పోయేడమ్మా. నువ్వు ఉన్నావు. ఉన్నదానివి ఉన్నట్టు బతకాలి కదా."

నేను ఇంకా జవాబు చెప్పలేదు అతనికి. మీ మాట కోసం చూస్తున్నాను.

మీ
మహతి


చోడవరం,
2 అక్టోబరు 2024

మహతికి ఆశీస్సులు.

ఎదురింటి పెదబాబుగారితో కలిసి అన్నవరం వెళ్ళి నాలుగు రోజులుంటానని చెప్పి బయల్దేరారు మీ మావయ్యగారు! వచ్చాక ప్రసాదం ఏదండీ అంటే, దారిలో తినేశామన్నారు. నీ ఉత్తరం చదివి ఆయన ముందు పెట్టాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "సత్యన్నారాయణమూర్తి దర్శనం నాగపూర్లో అయిందిలే" అన్నారు. దాదాపు యాభయ్యేళ్ళ కాపురంలో ఆయన నాకు చెప్పిన మొదటి అబద్ధం, నాకు తెలిసినంతలో.

నా సంగతి రాస్తాను. చాకు ఎవరి జేబులోకి వెళ్ళిందని అడిగాను చూడు, చాకు గురించి కాదు అడిగింది. నువ్వు పెళ్ళి చేసుకుంటే ఇక దత్తు గురించి మాట్లాడుకోవడానికి నాకెవరూ ఉండరని భయపడ్డాను. మీ మావయ్యగారితో మాట్లాడలేను, ఆయన తట్టుకోలేరు. చుట్టాలు ఆ పేరు రాగానే మాట మార్చేస్తారు. వాడు ఉప్మాలో పంచదార వేసుకుంటాడని తెలిసినవాళ్ళు ప్రపంచంలో నువ్వూ నేనే అనుకున్నాను. ఇప్పుడు మూడో మనిషి కూడా ఉన్నాడన్నమాట. ఆ వాక్యం దగ్గర ఆగి, ఉత్తరం పక్కన పెట్టి, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ చదివాను.

ఆ చెక్కపిడి చాకు నీదే. పంపకు. మధ్య గాడి ఖాళీగానే ఉండనీ.

అతనికి అవునని చెప్పు. ఇంకా ఆలస్యం చేసి ఆ మంచి మనిషిని ఏడిపించకు.

ఒక్క కోరిక. పెళ్ళి చోడవరంలో, మన వినాయకుడి గుడిలో జరగాలి. నీకు అమ్మా నాన్నా లేరు, పెంచిన అమ్మమ్మ కూడా లేదు. మేమున్నాం. మేమే చేస్తాం.

కనకవల్లి


నాగపూర్,
10 అక్టోబరు 2024

అత్తయ్యకి, మావయ్యగారికి నమస్కారాలు.

అవునని చెప్పాను. బ్యాంకు మెట్ల మీద చెప్పాను. అతను "థాంక్యూ" అన్నాడు, లోన్ శాంక్షనైనవాడిలా. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

గుడిలో పెళ్ళి అన్నారు. నాకెంత సంతోషమో చెప్పలేను. కానీ అత్తయ్యా, ఊళ్ళో మీరే ఉండాలి. సొంత కోడలికి మీరే దగ్గరుండి మళ్ళీ పెళ్ళి చేశారని జనం నాలుగు మాటలు అంటారు. మావయ్యగారు రోజూ నడిచే దారిలోనే అంటారు. నా వల్ల మీరు మాట పడొద్దు. రిజిస్ట్రాఫీసులో సంతకాలు పెట్టి, తర్వాత మీ దగ్గరకొచ్చి దణ్ణం పెడతాం. ప్రేమ్‌కుమార్ కూడా అదే అన్నాడు. బాగా ఆలోచించి రాయండి.

మీ
మహతి


చోడవరం,
21 అక్టోబరు 2024

చి.ల.సౌ. మహతికి దీవెనలు.

ఇలా మొదలుపెట్టానని మీ మావయ్యగారు అభ్యంతరం చెప్పారు, ఇంకా పెళ్ళి కాలేదు కదా అని. శుభలేఖలో పెళ్ళికూతురి పేరు ముందు ఇలాగే వేస్తారు కదండీ అన్నాను. నీ పేరు ముందు ఈ అక్షరాలు రాసి చాలా కాలమైంది. చెయ్యి మర్చిపోలేదు.

ఆలోచించమన్నావు. ఆలోచించేదేమీ లేదు, ముహూర్తం పెట్టించేశాం. కార్తీకంలో. శుభలేఖ ఒకటి ఇందులో పెట్టాను. జనం సంగతి అంటావా, పక్కింటి కామాక్షమ్మగారు నిన్న వచ్చి, "ఎవులేటనుకున్నా నానొస్తాను, పులిహోర నాకొదిలేయి" అని చెప్పి వెళ్ళింది. అననివాళ్ళూ ఉన్నారు. అన్నవాళ్ళు భోజనానికి వస్తే వాళ్ళకీ వడ్డిస్తాం.

సంత రోజున పరదేశి కబురు పెట్టాడు. వెళ్తే ఒక మడత చాకు చూపించాడు. ఇనప పిడి, తుప్పు పట్టి ఉంది. అలుగు మీద గుద్దిన అక్షరం ఒక్కటి కూడా లేదు. ఇక్కడి కమ్మరి ఎవరో చేసుంటాడు. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో ఎప్పటికీ తెలియకపోవచ్చు. కొనేశాను. ఇది దత్తుది కాదు, నాది. నేను కొన్న మొదటి చాకు. నువ్వొచ్చాక ఇద్దరం భూతద్దం పెట్టి చూద్దాం. మీ మావయ్యగారు దూరం నుంచి చూసి, "నేను ముట్టుకోనులే" అన్నారు. రమ్మని పక్కన కూర్చోబెట్టుకుని నూనెగుడ్డ ఆయన చేతికే ఇచ్చాను.

అసలు సంగతి. పంతులుగారు నిన్న వచ్చారు. మంచాయనే, కానీ ఒక చిక్కు దగ్గర ఆగారు. "పెళ్ళికూతురిది ఏ గోత్రమని చెప్పమంటారండీ? పుట్టింటిదా, మీదా? కోడల్ని మావగారు కన్యాదానం చెయ్యడం నేనెక్కడా చూడలేదు మరి" అన్నారు.

మీ మావయ్యగారు కుర్చీలో ముందుకి జరిగి అన్నారు. "మా గోత్రమేనండి, ఇంకేటుంది? మా ఇంటికి వచ్చిన రోజునే మా గోత్రం ఇచ్చేం. మా పిల్ల. మా పిల్లకి మేం పెళ్ళి సేస్తన్నాం. మీకు సూడ్డం ఇదే మొదలైతే, మాకూ సెయ్యడం ఇదే మొదలు." పంతులుగారు కాగితం మీద మన గోత్రం రాసుకున్నారు.

మీరిద్దరూ వారం ముందే వచ్చేయండి. అనకాపల్లిలో దిగితే సత్తిబాబు ఆటో తెస్తానన్నాడు, డబ్బులు వద్దన్నాడు. ప్రేమ్‌కుమార్‌ని పంచె కట్టుకోవడం నేర్చుకోమను.

పీటల మీద నీ పక్కన కూర్చునేది మేమిద్దరమే. నీ చెయ్యి పట్టి అతని చేతిలో పెట్టేది ఆయన, నీళ్ళు పోసేది నేను. అప్పుడు నాకు దత్తు గుర్తొస్తాడు. నీకూ గుర్తొస్తాడు. నీళ్ళ ధార ఒక్క క్షణం ఆగితే కంగారు పడకు. పోస్తాను.

మీ అమ్మ
కనకవల్లి